దీపం ముందు తడి గొంతు

బ్రిజే వెర్దియేర్,
ఆగస్టు 1967

మా ఇంటి ఆడపడుచు గౌరీదేవికి వదిన పైడమ్మ దీవించి రాస్తున్న ఉత్తరం.

ఇక్కడ అందరం బాగున్నామని రాయమంటున్నారు మీ అన్న. ఎలా రాయను? రోజ్ హిల్ వచ్చి నిన్ను చూసి వెళ్లిన దగ్గర్నించి ఆయన కంచంలో అన్నం కెలికి లేచిపోతున్నారు. అడిగితే చెరుకు కోత రోజులు, అలసట అంటారు. ఇన్నేళ్ల కాపురంలో నాతో అబద్ధం ఆడటం ఆయనకు రానే లేదు. నిన్న పెరట్లో కట్టెలు కొడుతూ కొడుతూ గొడ్డలి పక్కన పడేసి చెప్పేశారు.

రెండేళ్ల కిందట రొమ్ము కోసి తీసేసిన జబ్బు మళ్లీ వచ్చిందట. ఈసారి ఊపిరితిత్తి చుట్టూ నీరు చేరిందట. నడుం ఎముకలోకి పాకిందట. మెడ పక్కన గడ్డలు లేచాయట. నిజమేనా? నాకెందుకు రాయలేదు? నేను తట్టుకోలేననా? గడప దగ్గర చెప్పు తిరగబడితేనే తట్టుకోలేనిదాన్ని, నిజమే. కానీ తెలియకపోతే ఇంకా తట్టుకోలేను.

ఇంకొక మాట చెప్పారు. ఈసారి కత్తి పెట్టరట, మందు ఇస్తారట. ఆ మందు విషమట. దుకాణం మోనిక్‌ని అడిగాను, దానికి ఆసుపత్రి సంగతులు కొన్ని తెలుసు. "జబ్బు కన్నా ముందు మనిషినే తినేత్తాది, అమ్మా" అంది. బియ్యం కొనకుండానే ఇంటికొచ్చేశాను.

గౌరీ, పిల్లా పాపా లేని ఒంటి మనిషివి. మీ ఆయన పోయాక కూడా ఆ ఇల్లు వదలనన్నావు. రాత్రి ఊపిరాడకపోతే ఎవరిని పిలుస్తావు? పక్కింటి జీనెట్‌కి వినబడుతుందా? కిటికీ తీసి పడుకుంటున్నావా? ఆగస్టు చలి కదా, తీయకు. తీయకపోతే ఊపిరెలా? ఆ విషం మాత్రం మింగకు. ఇక్కడికి వచ్చేయ్. తులసి ఉంది, పసుపు ఉంది, నేనున్నాను.

పలక మీద నాకు అక్షరాలు దిద్దించినది నువ్వే. అందుకే తప్పులుంటే నవ్వుకో, కానీ జవాబు మాత్రం వెంటనే రాయి.

మీ వదిన
పైడమ్మ

*

రోజ్ హిల్,
సెప్టెంబరు 1967

వదినకు,

నీ ఉత్తరంలో ప్రశ్నలకు వరసగా జవాబు రాద్దామని కూర్చున్నాను. సగంలో నిద్రపట్టింది. కాబట్టి నిద్ర బాగానే పడుతోందని మొదటి జవాబు.

అన్న చెప్పినది నిజం. దాచినందుకు కోప్పడకు. వాక్యం మొదలుపెట్టిన ప్రతిసారీ నీ ముఖం కనబడి కలం ఆగిపోయింది.

డాక్టరు మనవాడే. సుయాక్‌లో దాసుగారని హార్మోనియం వాయించేవారు, గుర్తుందా? ఆయన కొడుకు రామానుజం. ఇంగ్లండులో చదివి వచ్చాడు. నన్ను అక్కా అంటాడు. విషమా అని నేనూ అడిగాను. దాచకుండా విషమేనన్నాడు. వెనకటి యుద్ధాల్లో మనుషుల్ని చంపడానికి ఒక వాయువు చేశారట. అది తగిలినవాళ్ల రక్తంలో తెల్ల కణాలు పడిపోవడం కొందరు డాక్టర్లు గమనించారట. ఒంట్లో తొందరగా పెరిగేవాటిని ఇది కొడుతోందంటే, తొందరగా పెరిగే ఈ జబ్బును కూడా కొట్టాలి కదా అని వాళ్లకు తోచిందట. దాన్ని విరిచి, మార్చి, కొంత మచ్చిక చేసి, ఇప్పుడు మాత్రగా చేశారు. మింగినప్పుడు అది నిద్రపోతూ ఉంటుందట, వదినా. కాలేయంలోకి వెళ్లాకే మేలుకుని పని మొదలుపెడుతుందట. మనుషులు మనుషుల్ని చంపడానికి చేసిన దాంట్లోంచి ఇంకొందరు మనుషులు కూర్చుని ఇలాంటిది తీశారంటే, వాళ్లెవరో పేరు తెలియకపోయినా దణ్ణం పెట్టాలనిపించింది.

"నయమవుతుందా బాబూ?" అన్నాను.

"లేదక్కా. తగ్గుతుంది. కొందరికి కొన్ని నెలలు, కొందరికి ఇంకా ఎక్కువ. నీకు ఎంతన్నది నాకు తెలీదు" అన్నాడు.

తెలీదని చెప్పిన డాక్టరును నేను చూడటం ఇదే మొదలు. అక్కడే నమ్మకం కుదిరింది.

ఊపిరితిత్తి చుట్టూ ఉన్న నీరు సూదితో తీశారు. మందు మొదట నరంలోకి ఎక్కించారు, ఇప్పుడు మాత్రలు. దాని పేరు సైక్లోఫాస్ఫమైడ్. పేరులో సగం తుపానే ఉందని నువ్వు భయపడతావని ముందే తెలుసు. వారం వారం రక్తం తీసి తెల్ల కణాలు చూస్తారు. మరీ పడిపోతే మందు ఆపుతారు. వాంతులు అవుతాయి, దాచను.

నర్సు మిషెలిన్ అని ఒకావిడ ఉంది. నీకంటే లావు, నీకంటే పెద్ద గొంతు. మాత్రలు పొద్దున్నే వేసుకోవాలని, రోజంతా నీళ్లు తాగుతూనే ఉండాలని ఆమె చట్టం. వరండాలో నేను కనబడితే చాలు, "బువార్ దిలో, మదాం, బువార్ దిలో!" అని అరుస్తుంది. నీళ్లు తాగు, నీళ్లు తాగు అని. చెరువుకి తోలుకెళ్లిన గేదెనయిపోయాను.

తెలుగు బడి మానలేదు. కూర్చుని చెబుతున్నాను. పిల్లలు గుణింతాలు అరుస్తారు, నేను ఊపిరి దాచుకుంటాను.

తులసి పంపించు. మందు మాత్రం మాననులే.

నీ
గౌరి

*

బ్రిజే వెర్దియేర్,
అక్టోబరు 1967

చిట్టి మరదలు గౌరికి వదిన దీవెన.

నీ ఉత్తరం మీ అన్న చేత రెండుసార్లు చదివించుకున్నాను, నేనొకసారి చదువుకున్నాను. ఆ వాయువు సంగతి విని రాత్రంతా నిద్ర లేదు. పొద్దున్న పెరట్లో మానియోక్ దుంపలు తవ్వుతుంటే ఒక సంగతి తోచింది. మా చేదు మానియోక్ పచ్చిగా తింటే మనిషి చస్తాడు. అదే నానబెట్టి, పిండి, ఉడకేస్తే, పెద్ద తుపాను వచ్చిన ఏడు మా అందరి ప్రాణం నిలబెట్టింది. చంపేదాన్ని తినేదిగా చేయడం ఎవరో ముసలమ్మ మొదట కనిపెట్టి ఉంటుంది కదా. ఆ డాక్టర్లూ అలాంటివాళ్లే అనుకున్నాను. అనుకున్నాక కొంచెం అన్నం దిగింది.

కానీ నువ్వు నా దగ్గర మళ్లీ దాచావు. మీ అన్న మొన్న వచ్చినప్పుడు నీ తల మీద జుట్టు లేదట! దువ్వెనకు కుచ్చులు కుచ్చులుగా వచ్చేస్తే నువ్వే బార్బరును పిలిపించి గీయించేశావట. ఆయన వీధి మలుపు దాకా వచ్చి అక్కడ ఏడ్చారట. మీ అన్న ఏడ్వడం నేను ఆయన తల్లి పోయినప్పుడే చూశాను. నీ జడ ఎంత బారు! నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో దానికి నూనె రాసింది నేనే. మళ్లీ వస్తుందా? తెల్లగా వస్తుందా? తల చల్లబడి జలుబు చేస్తుందేమో, ఓర్ని ముసుగు కప్పుకో. బడిలో పిల్లలు నవ్వారా?

ఇప్పుడు అడగాలా వద్దా అని భయపడుతూ ఒకటి అడుగుతున్నాను. నీకు మళ్లీ ఊపిరి వస్తే, డిసెంబరులో మన ఊరి గోవింద పూజకు నీచేత పాడిస్తానని సింహాద్రి అప్పన్నకు మొక్కాను. నిలువెత్తు ఇత్తడి దీపం ముందు మన ఇంటి ఆడపడుచు నిలబడి మొదటి పాట ఎత్తుకోవడం మీ తాతమ్మ చెరుకు కూలీగా ఈ దీవిలో ఓడ దిగిన నాటి ఆనవాయితీ. రెండేళ్లుగా ఆ చోటు ఖాళీ. పూజారి అప్పయ్య ఇంకెవరినీ నిలబెట్టలేదు. "గౌరమ్మ వస్తాదిలే" అంటారు.

నియమం నీకు తెలిసిందే. దీపం ముందు నిలబడే మనిషి ఆ వారమంతా పొద్దు పొడిచింది మొదలు పొద్దు గూకే దాకా పచ్చి మంచినీళ్లు ముట్టకూడదు. నీ ఒంటికి అది పడుతుందా? పడదనుకుంటే రావద్దు. పాడకపోయినా రా. అసలు రావద్దేమో. నాకు ఏం రాయాలో తెలియడం లేదు.

నీ వదిన
పైడమ్మ

*

రోజ్ హిల్,
నవంబరు 1967

వదినకు,

పిల్లలు నవ్వలేదు. ఒక పిల్ల మాత్రం "టీచర్, మీరు తిరుపతి ఎల్లారా?" అని అడిగింది. అవునన్నాను. ప్రసాదం ఏదీ అంది. మర్నాడు లడ్డూ కొని తీసుకెళ్లాల్సి వచ్చింది.

ఇప్పుడు అసలు కబురు. మెడ పక్కన గడ్డలు నిమ్మకాయంత ఉండేవి. ఇప్పుడు తడుముకుంటే మిరియాల్లా ఉన్నాయి. ఊపిరితిత్తి చుట్టూ నీరు మళ్లీ చేరలేదు. రామానుజం ఎక్స్‌రే ఫిల్మును కిటికీకి ఎదురుగా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. తర్వాత "మిషెలిన్!" అని కేకేశాడు. ఆమె వచ్చి చూసి, నన్ను ఎత్తి కావలించుకుంది. నేను ఎంత తేలికయిపోయానో అప్పుడు తెలిసింది, కానీ ఊపిరి మాత్రం నిండుగా ఉంది. ఇంటికొచ్చి తలుపేసుకుని ఒక పాట మొదలుపెట్టాను. రెండో చరణం దాకా ఆగకుండా వెళ్లింది. పక్కింట్లోంచి జీనెట్ చప్పట్లు కొట్టింది. ఆ మనిషికి తెలుగు ఒక్క ముక్క రాదు.

ఈ మందు ఎంత గొప్పదో నీకు ఎలా చెప్పను? నా నడుం ఎముక లోపల, నేను కూడా చూడలేని చోట, ఎవరూ లేకుండా అది ఒక్కత్తే పని చేసుకుంటూ పోతోంది.

నేను పాడతాను వదినా. నియమం కూడా పాటిస్తాను. మందు మాననక్కరలేదు. దానికో దారి చూసుకున్నాను. మాత్రలు పొద్దున్న బదులు పొద్దు గూకాక, ఉపవాసం విడిచాక వేసుకుంటాను. దేవుడి సొమ్ము దేవుడికి, డాక్టరు సొమ్ము డాక్టరుకి. ఇంత చిన్న మార్పుకు రామానుజాన్ని అడగడం ఎందుకు?

నా కోసం వేప చెట్టు వైపు గది ఊడ్పించి ఉంచు.

గౌరి

*

బ్రిజే వెర్దియేర్,
డిసెంబరు 1967

బంగారు తల్లి గౌరికి వదిన దీవెన.

నువ్వు బస్సెక్కి వెళ్లాక ఇల్లు చెవులు మూసినట్టయింది. ఎవరు ఎదురుపడినా నీ మాటే.

నేను ఎన్నో గోవిందలు చూశాను, ఇలాంటిది చూడలేదు. నువ్వు దీపం ముందు నిలబడగానే మీ అన్న తల దించేసుకున్నారు, ఊపిరి అందకపోతే చూడలేనని. నేను మాత్రం నీ కంఠం కిందనే చూస్తూ ఉన్నాను, ఎక్కడ ఆగుతుందో అని. ఎక్కడా ఆగలేదు. మూడో పాటలో దీపం చుట్టూ తిరుగుతుంటే నీ ఓర్ని జారింది. నున్నటి తల మీద దీపం వెలుగు పడింది. నా ప్రాణం పోయింది, ఎవరేమంటారో అని. నువ్వు సర్దుకోను కూడా లేదు. తాళం తప్పలేదు. నా వెనక ముసలమ్మ ఒకావిడ "అప్పన్నకి తల ఇచ్చీసిందమ్మా, ఇంకేటి కావాలి" అని చేతులెత్తింది. మన మద్దెలగాడు పెద్దన్న మద్దెల మీదికి తల వంచుకుని వాయించాడు.

నా ఇంటి ఆడపడుచువని చెప్పుకోవడానికి నాకు ఎంత గర్వంగా ఉందో! దిష్టి తగలకూడదని ఉప్పు తీశాను. మళ్లీ తీస్తాను.

అయినా నాకు దిగులుగానే ఉంది. నీ పెదవులు చిట్లి ఉన్నాయి. మన డిసెంబరు ఎండలో వారమంతా నీళ్లు లేకుండా ఉన్నావు. చివరి రోజు నీ ముఖం పసుపు నీళ్లలో ముంచినట్టుంది. రాత్రి ఒక్క గ్లాసు తాగి మాత్ర మింగి పడుకున్నావు. ఇంకో గ్లాసు ఇస్తే "వదినా, నువ్వు కూడా మిషెలిన్ అయిపోయావా" అన్నావు. ఇంటికి చేరాక నీళ్లు బాగా తాగావా? కడుపు సరిగా ఉందా? నడుం నొప్పి ఉందా? ఏదైనా ఉంటే దాచకు. నువ్వు దాస్తావని నాకు తెలుసు కాబట్టే ఇన్ని అడుగుతున్నాను.

పైడమ్మ

*

రోజ్ హిల్,
జనవరి 1968

వదినకు,

పోర్ట్ లూయీ పట్నంలో కొట్లాటలని రేడియోలో విని నువ్వు బెంగపడుతుంటావు. మా వీధి ప్రశాంతంగానే ఉంది. జీనెట్ నాకు రొట్టె తెచ్చి ఇస్తోంది.

ఒళ్లు కొంచెం అలసటగా ఉంది. అంతే.

నవ్వనంటే ఒకటి చెబుతాను, అన్నకు మాత్రం చెప్పకు. ముసలితనంలో మళ్లీ పడుచుదాన్నయ్యాను! ఎప్పుడో ఆగిపోయిన ముట్టు మళ్లీ వచ్చింది. మన అమ్మలు ఉన్నట్టే వెనక వరండాలో చాప వేసుకుని విడిగా ఉంటున్నాను. దేవుడి గది, వంటిల్లు, నీళ్ల కుండ ముట్టడం లేదు. జీనెట్ వచ్చినప్పుడు నీళ్లు పోస్తే తాగుతాను, లేకపోతే లేదు. బడిలో ప్రార్థన కూడా పిల్లలచేతే చెప్పిస్తున్నాను. కానీ ఇది వచ్చి చాలా రోజులైంది, ఆగడం లేదు. కొంచెం మంటగా కూడా ఉంది. మాత్రలు రాత్రిపూటే అలవాటైపోయింది, అలాగే వేసుకుంటున్నాను.

ఇది ఆ డాక్టరుకు ఎలా చెప్పను? అక్కా అని పిలిచే కుర్రవాడు. నా వయసు ఆడదాన్ని నోరు తెరిచి చెప్పగలనా? మందు బలానికి ఒళ్లు పుంజుకుంటోందేమో, మంచిదే అయి ఉంటుంది.

గౌరి

*

బ్రిజే వెర్దియేర్,
జనవరి 1968

గౌరీ,

దీవెనలు తర్వాత.

నాకు డాక్టరీ తెలీదు. అది ఏమిటో నాకు తెలీదు. కానీ ఏళ్ల కిందట ఆగిపోయినది ఉత్తపుణ్యానికి మళ్లీ వస్తుందా? వచ్చి ఇన్ని రోజులు ఆగకుండా ఉంటుందా? మంట ఎందుకు? మీ అన్నకు చెప్పలేదు, నువ్వు వద్దన్నావు కాబట్టి. ఆడవాళ్ల పని మీద వెళుతున్నానని మాత్రం చెప్పాను. ఆయన ఇంకేం అడగలేదు.

రేపు నేను బస్సెక్కుతున్నాను. మోనిక్ దారిలో సైనికులున్నారంది. ఉండనీ. క్వార్టియే మిలిటేర్ ఊరి మీదుగా పోయే బస్సు నడుస్తోందని కనుక్కున్నాను. ఒంటరిగా ఎప్పుడూ అంత దూరం రాలేదు. నాకు చాలా భయంగా ఉంది. ఈ ఉత్తరం ముందు వస్తుందో నేను ముందు వస్తానో తెలీదు. ఎవరు ముందు వచ్చినా తలుపు తియ్యి.

పైడమ్మ

*

రోజ్ హిల్,
ఫిబ్రవరి 1968

వదినకు,

ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాను. రక్తం ఆగింది. ముందు ఈ రెండు మాటలు చదివి, ఊపిరి పీల్చుకుని, తర్వాత మిగతాది చదువు.

నువ్వు వచ్చి నన్ను ఆసుపత్రికి లాక్కెళ్లిన రోజు చేసినది తలుచుకుంటే నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వస్తున్నాయి. చెప్పను చెప్పనని నేను అక్కడి వరండా స్తంభం పట్టుకుని నిలబడిపోతే, నువ్వు ఒక్కదానివే డాక్టరు గదిలోకి వెళ్లావు. గుమ్మం బయటి నుంచి నేను అంతా విన్నాను.

"ఏటి వదినా, ఏమైంది?" అన్నాడు రామానుజం.

"బాబూ, నాకు సిగ్గు. నువ్వు ఆ గోడ వైపు తిరుగు, అప్పుడు సెప్తాను."

కుర్చీ కిర్రుమంది. అంత చదువుకున్న డాక్టరు నిజంగానే గోడ వైపు తిరిగి కూర్చున్నాడు! నువ్వు అతని వీపుకు చెప్పావు. వరండాలో విడిగా కూర్చోవడం, నీళ్ల కుండ ముట్టకపోవడం, ఉపవాసం, రాత్రి మాత్రలు, అన్నీ.

"వదినా, ఇప్పుడు ఇటు తిరగొచ్చా?"

"అయిపోలేదు. మంట కూడా ఉందంట. ఇప్పుడు తిరుగు."

అతను తిరిగి, చాలా మెల్లగా అన్నాడు: "వదినా, అది ముట్టు కాదు. మూత్రంలో రక్తం."

నేను లోపలికి వెళ్లాను. తర్వాత నన్ను కూర్చోబెట్టి వివరంగా చెప్పాడు. ఆ మందు పని అయిపోయాక దాని బూడిదలాంటిది మూత్రాశయంలోకి దిగుతుందట. నీళ్లు తాగితే కొట్టుకుపోతుంది. తాగకుండా, అందులోనూ రాత్రి వేసుకుని పడుకుంటే, తెల్లవార్లూ అక్కడే నిలబడి లోపలి పొరను కాలుస్తుందట. మిషెలిన్ అరుపులన్నీ అందుకే. నేను గేదె అని నవ్వాను. ఉపవాసం వారం నీళ్లు మానేశాను, దానివల్ల రక్తం వస్తే ముట్టు అనుకుని కుండ ముట్టక ఇంకా మానేశాను. మన ఆచారం తెలిసినవాళ్లే చేయగల తప్పు ఇది. ఇంకొన్నాళ్లు ఊరుకుంటే రక్తం కారి పోయేదాన్నని చెప్పాడు. నీ మొక్కు వల్ల ఇలా అయిందని నువ్వు దారి పొడుగునా ఏడ్చావు. అలా అనకు. మాత్రలు రాత్రికి మార్చిన తెలివి నాది. నోరు తెరిచి చెప్పినదానివి నువ్వు.

ఇప్పుడు అసలు కష్టం. మందు ఆపి లోపలంతా కడిగారు. పుండు మానింది. కానీ మందు లేని ఈ వారాల్లో మెడ పక్కన మిరియాలు మళ్లీ బటానీలయ్యాయి. మెట్లెక్కితే ఆయాసం. రామానుజం మళ్లీ మొదలుపెడదామంటున్నాడు. తక్కువ మోతాదు, పొద్దున్నే, రోజంతా నీళ్లు. ఆలస్యం చేస్తే ఈసారి లొంగకపోవచ్చు అంటున్నాడు.

అప్పయ్యగారి కబురు వచ్చింది. మార్చిలో మన దీవికి స్వతంత్రం వచ్చే రోజున మన ఊళ్లో మళ్లీ గోవింద పూజ చేస్తారట, నన్ను నిలబడమన్నారు. డిసెంబరులో దీపం మీద చెయ్యి పెట్టి, ఊపిరున్నంత కాలం పిలిచినప్పుడల్లా నియమంతో వస్తానని మాట ఇచ్చాను. నీకు చెప్పలేదు. నియమం పాటిస్తే మందు వేసుకోకూడదు. మందు వేసుకుంటే నియమం లేదు. ఊపిరి ఇచ్చిన దేవుడికి మాట తప్పి, ఆ ఊపిరితో ఏం పాడను? పూజ అయ్యాకే మందు మొదలుపెడతానని రామానుజానికి చెప్పేశాను. అతను నా కాగితాలు మడిచి పక్కన పెట్టాడు. మిషెలిన్ మాత్రం ముఖం తిప్పుకుని వెళ్లిపోయింది.

గౌరి

*

బ్రిజే వెర్దియేర్,
ఫిబ్రవరి 1968

గౌరికి వదిన దీవెన.

నీ ఉత్తరం అందిన రోజే అప్పయ్యగారి ఇంటికి వెళ్లాను. మీ అన్న కూడా వచ్చారు. ఆయనకు ఇప్పుడు అన్నీ చెప్పేశాను. అలిగారు, ఆ సంగతి వేరే.

అప్పయ్యగారు అరుగు మీద కూర్చుని కొబ్బరి పీచు తీస్తున్నారు. అంతా విని, "నియమం నియమమే కదా పైడమ్మా" అన్నారు.

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. నీకు తెలుసు కదా, నేను పూజారి ఎదుట గొంతెత్తే మనిషిని కాను.

"అలగయితే నన్నొకటి అడగనీండి. ఆ అప్పన్నకి ఏడాది పొడుగునా చందనం ఎందుకు పూస్తారు?"

"వేడి దేవుడు. ఒళ్లు చల్లబడాలని."

"ఆయన వేడికి ఏడాదంతా చందనం కావాలి. ఈ పిల్ల ఒంట్లో విషం మండుతుంటే గుక్కెడు నీళ్లు కూడదా? ఆయనకి తెలీదా మంటంటే?"

అప్పయ్యగారు పీచు తీయడం ఆపేశారు. మీ అన్న నా చీర చెంగు లాగుతున్నారు, ఊరుకోమని. నేను ఊరుకోలేదు.

"ఎండు గొంతు ఎవరిదో ఒకరిది కావాల, అంతే కదా? నాది తీసుకోండి. మొక్కుకున్నది నేను. ఆ వారమంతా పొద్దు గూకే దాకా నేను ఎండుతాను. దీపం పక్కన నేను కూర్చుంటాను. అది తాగతా పాడుతుంది."

ఆయన చేతికంటిన పీచు దులుపుకుని అన్నారు: "దీపం ఇంటిది పైడమ్మా. ఇంట్లో ఎవరు ఎండినా ఇల్లు ఎండినట్టే. దీపం మీద ఇచ్చిన మాట కూడా అంతే. గౌరమ్మని మందేసుకుని రమ్మను. అడిగినోళ్లకి నేను సెప్తాను." ఇంతలో మీ అన్నను చూసి, "సన్యాసీ, ఈవిడ్ని ఎలగ నెగ్గుకొత్తున్నావురా?" అన్నారు. మీ అన్న "నెగ్గుతున్నానని ఎవరన్నారు?" అన్నారు.

కాబట్టి నీకు ఇక సాకు లేదు. పూజ అయ్యేదాకా ఆగుతానన్న మాట వెనక్కి తీసుకో. ఈ ఉత్తరం చదివిన మర్నాడు పొద్దున్నే మొదటి మాత్ర. నీళ్లు. మళ్లీ నీళ్లు. ఎవరిమీద కోపంతోనైనా తాగు.

నా ఒంటికి ఉపవాసం పడుతుందా అని అడగకు. తల తిరుగుతుందేమోనని నాకే భయంగా ఉంది, నువ్వు తోడు భయపడకు.

పైడమ్మ

*

రోజ్ హిల్,
మార్చి 1968

వదినకు,

పూజ నుంచి వచ్చి వారమైంది. కొత్త జెండా కాగితంది ఒకటి జీనెట్ నా గుమ్మానికి కట్టింది. నిన్న ఆసుపత్రికి వెళ్లాను. మిషెలిన్‌తో అంతా చెప్పాను: పాటకీ పాటకీ మధ్య అందరి ఎదుట నేను గడగడా తాగడం, వెనక వరసలో కొందరు గొణిగితే అప్పయ్యగారు హారతి పళ్లెంతోనే వాళ్ల వైపు తిరిగి చూడటం, దీపం పక్కన నువ్వు పెదవులు తడుపుకోకుండా కూర్చుని నా గ్లాసు నువ్వే నింపడం. మిషెలిన్ వింటూ వింటూ మంచం మీద కూర్చుండిపోయింది. "మీ వదినకి ఇక్కడ ఉద్యోగం ఇప్పిస్తా" అంది.

రామానుజం మెడ తడిమి చూశాడు. బటానీలు చిన్నవయ్యాయి. మిరియాల దాకా రాలేదు. నీరు లేదు. మందు మళ్లీ పట్టుకుందని చెప్పాడు. ఇంకో మాట కూడా చెప్పాడు, ఈసారి నీ దగ్గర దాచను. ఎప్పుడో ఒకరోజు ఈ మందు పట్టడం మానేస్తుందట. జబ్బు దాన్ని తట్టుకోవడం నేర్చుకుంటుందట. అప్పుడు వేరే మందు ఏదైనా వస్తే వస్తుంది, లేకపోతే లేదు. అది ఎప్పుడని అడిగాను. తెలీదన్నాడు.

నేను బాగానే విన్నాను. కానీ ఇంటికొచ్చాక ఈ ఇల్లు పెద్దగా కనిపించింది. పొద్దున్న మాత్ర ముందు పెట్టుకుని కాసేపు కూర్చుండిపోయాను. చేయి వెళ్లలేదు. చివరికి మింగాను. రేపు ఎలా ఉంటుందో తెలీదు.

గౌరి

*

బ్రిజే వెర్దియేర్,
మార్చి 1968

గౌరమ్మా,

మంగళవారం బస్సుకు వస్తున్నాను. మీ అన్నకు వంట వచ్చు, రాదని నటిస్తారు. ఉప్పెక్కువైతే ఆయనే తింటారు. నా చాప నేనే తెచ్చుకుంటున్నాను, నీ మంచం పక్కన వేసుకుంటాను.

మందు ఎప్పుడు పట్టడం మానేస్తుందో అన్న దిగులు నువ్వు పెట్టుకోకు. అది నాకు వదిలేయ్. నాకు చిన్నప్పటి నుంచి చేతనైన పని అదొక్కటే, నీకంటే బాగా చేస్తాను. ఆ రోజు ఎప్పుడొస్తుందో, వస్తే ఏమవుతుందో, రాత్రంతా కూర్చుని నేను ఆలోచిస్తాను. నువ్వు పడుకో. పొద్దున్న లేచి మాత్ర మింగి, బడికి పోయి పిల్లలకు పాట చెప్పు.

పైడమ్మ